యంత్రం వచ్చిన పదో ఏడు

కొత్త ఫోనో, చేతి గడియారమో, చెవిలో ఇమిడే పరికరమో బజారులోకి వచ్చిందని తెలియగానే దాని లోపల ఏముందో, ఎలా పనిచేస్తుందో చదివితే గానీ నిద్రపట్టని వాళ్లుంటారు. వాళ్లలో చాలామంది సైన్స్ ఫిక్షన్ నవలలను కూడా అదే ఆకలితో చదువుతారు. ఈ రెండు ఇష్టాలూ ఒకే మనిషిలో చేరడాన్ని లోకం తేలిగ్గా వివరించేస్తుంది: యంత్రాల మోజు, ఒకటి చేతిలో, ఒకటి పుస్తకంలో. నాకా వివరణ చాలదు. మోజు ఒక్కటే అయితే నవల ఎందుకు, కేటలాగు చదువుకుంటే సరిపోతుంది కదా. రెండింటిలోనూ ఉన్నది ఒకే కుతూహలమని నా నమ్మకం. ఇప్పటిదాకా లేని వస్తువొకటి మన మధ్యకు వస్తే ఏమేమి కదులుతాయి, ఎవరి అలవాట్లు చెదురుతాయి, ఎవరికి బలం పెరుగుతుంది, ఎవరి పని పోతుంది? కొత్త పరికరం ఈ ప్రశ్నను రేపుతుంది. నవల దాన్ని చివరిదాకా తీసుకుపోతుంది. ప్రకటన చూపించేది డబ్బా తెరిచిన మొదటి గంట. మంచి సైన్స్ ఫిక్షన్ చూపించేది ఆ వస్తువు ఇంట్లో పాతబడి, అది లేనప్పుడు ఎలా బతికామో ఎవరికీ గుర్తురాని పదో ఏడు. అందుకే పరికరాలను ప్రేమించేవాడు నవల చదవకపోతే సగం ఆనందమే పొందుతున్నాడంటాను.

సైన్స్ ఫిక్షన్‌ను మెచ్చుకునేవాళ్లు మొదట పట్టుకునేది జోస్యాన్ని. జూల్స్ వెర్న్ 1865లో రాసిన చంద్రయాత్ర నవలలో ముగ్గురు మనుషులు ఫ్లోరిడా నుంచి బయల్దేరతారు. 1969లో అపోలో 11 కూడా ముగ్గురితో ఫ్లోరిడా నుంచే లేచింది. ఈ పోలిక ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. కానీ వెర్న్ వాళ్లను పంపింది రాకెట్‌లో కాదు, పెద్ద ఫిరంగి గుండులో. పేలిన మొదటి క్షణంలోనే, ఒక్కసారిగా పెరిగే వేగానికి లోపలి మనుషులు నలిగి చనిపోతారు. చిన్నతనంలో వెర్న్‌ను ఆబగా చదివిన రష్యా బడిపంతులు త్సియోల్కోవ్‌స్కీ ఆ సంగతి లెక్కగట్టి చూశాడు. ఫిరంగి కుదరదు, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచే సాధనం కావాలని ఆలోచిస్తూ పోయి 1903లో రాకెట్ గణితాన్ని ప్రచురించాడు. వెర్న్ ఇచ్చిన జవాబు తప్పు. అడిగిన ప్రశ్న మాత్రం ఒక జీవితాన్ని నడిపింది. ఇంకా దగ్గరి ఉదాహరణ విలియం గిబ్సన్. 1984లో వచ్చిన 'న్యూరోమాన్సర్'ను ఆయన మామూలు టైపురైటర్ మీద రాశాడు. కంప్యూటర్ల గురించి అప్పటికి ఆయనకు తెలిసింది చాలా తక్కువ. ఆ నవల భవిష్యత్తులో సెల్‌ఫోన్లే లేవు, పబ్లిక్ ఫోన్లు మోగుతుంటాయి. జోస్యమే కొలబద్ద అయితే ఆ పుస్తకాన్ని ఎప్పుడో అటక మీద పడేయాలి. అయినా నేటికీ చదువుతున్నాం. తెర వెనక ఒక చోటు ఉందని, మనుషులు తమ ఒంటికంటే ఆ చోటునే ఎక్కువ కోరుకుంటారని అందులో ఉంది కాబట్టి. ఫోన్ ఆకారం తెలియకపోయినా ఫోన్‌లో మునిగిన మనిషి ముఖం ఆయనకు తెలుసు. మంచి కథ ఊహించవలసింది కారును కాదు, ట్రాఫిక్ జామ్‌ను అనే అర్థంలో సైన్స్ ఫిక్షన్ రచయిత ఫ్రెడరిక్ పోల్ చెప్పింది ఇదే.

ఈ తేడా ఎంత బరువైనదో ఒక నవల చరిత్ర చూస్తే తెలుస్తుంది. రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ రేడియం గురించి రాసిన పుస్తకం చదివి, ఎచ్.జి. వెల్స్ 1914లో 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' అనే నవల తెచ్చాడు. అందులో విమానాల నుంచి అణుబాంబులు పడతాయి. వాటి పనితీరు ఆయనకు సరిగ్గా తెలియదు. ఆయన బాంబులు ఒక్కసారి పేలి ఊరుకోవు, రోజుల తరబడి మండుతూనే ఉంటాయి. కానీ ఒక మనిషి చేతిసంచిలో పట్టే వస్తువు సగం నగరాన్ని ధ్వంసం చేయగలిగితే రాజ్యాలు, సరిహద్దులు, యుద్ధాలు ఏమైపోతాయన్న ప్రశ్నను మాత్రం వదలకుండా వెంటాడాడు. 1932లో ఆ నవలను హంగరీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ చదివాడు. మరుసటి ఏడు లండన్‌లో సౌతాంప్టన్ రో దగ్గర రోడ్డు దాటుతుండగా, అణుబాంబుకు మూలమైన న్యూట్రాన్ల గొలుసు చర్య సాధ్యమన్న ఆలోచన అతనికి తట్టింది. 1934లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అయితే అందరి కంటా పడకుండా దాన్ని బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. వెల్స్‌ను చదివాను కాబట్టే దాని పర్యవసానం నాకు తెలుసునని తర్వాత తనే చెప్పుకున్నాడు. అదే సిలార్డ్ 1939లో, హిట్లర్ ముందుగా ఆ ఆయుధం సాధిస్తాడన్న భయంతో, ఐన్‌స్టీన్ చేత అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు ఉత్తరం రాయించాడు. 1945 జులైలో, లొంగుబాటు షరతులు బహిరంగంగా ప్రకటించి జపాన్‌కు అవకాశం ఇవ్వకుండా బాంబు వాడొద్దంటూ 70 మంది శాస్త్రవేత్తల సంతకాలతో అర్జీ తయారుచేశాడు. ఒక నవల చదివినంత మాత్రాన మనిషి ఋషి అయిపోడు. బాంబు ఆగలేదు కూడా. కానీ ప్రయోగశాలలో ఏమీ మొదలవకముందే ఆ ఆవిష్కరణ వెంట వచ్చే లోకాన్ని చూసినవాడు ఒకడున్నాడు. అలా చూడటం అతనికి నేర్పింది భౌతికశాస్త్ర గ్రంథం కాదు, నవల.

బాంబు పెద్ద విషయం. రోజూ చేతిలో ఉండే చిన్న వస్తువుల సంగతికి వస్తే నా మనసు ముందుగా ఈ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన 'ది మెషిన్ స్టాప్స్' దగ్గర ఆగుతుంది. నవల కాదు, పెద్ద కథ. మనుషులంతా భూమి అడుగున, ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా ఉంటారు. తిండి, వైద్యం, సంగీతం అన్నీ మీటలు నొక్కితే వస్తాయి. వష్టి అనే తల్లికి వేలమంది పరిచయస్తులు. ఎవరినీ కలవదు, అందరితోనూ మాట్లాడుతుంది. భూగోళానికి అవతలి వైపున్న కొడుకు గుండ్రటి పలక మీద కనిపిస్తాడు. నువ్వు స్వయంగా రా అమ్మా, యంత్రం మధ్యలో లేకుండా నీతో మాట్లాడాలని అడుగుతాడు. ఆ పలక ముఖంలోని సన్నటి మార్పులను పట్టుకోదు. అయినా చాలా పనులకు అది సరిపోతుందని జనం సర్దుకున్నారని ఫార్‌స్టర్ గమనిస్తాడు. ఈ గమనింపు దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను. రేడియో ప్రసారాలైనా మొదలుకాని రోజుల్లో, ఇంజనీరు కాని రచయిత, వీడియో కాల్ ఎలా ఉంటుందో కాదు, వీడియో కాల్‌తో సరిపెట్టుకోవడం ఎలా ఉంటుందో రాశాడు. డాలస్‌లో ఉన్న కొడుకుతో వారానికోసారి తెర మీద మాట్లాడే తెనాలి తల్లికి ఈ కథ చదివి వినిపిస్తే విడమరిచి చెప్పవలసింది ఏమీ ఉండదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. అలాగైతే సైన్స్ ఫిక్షన్ యంత్రాల మీద భయమే కదా నేర్పేది, పరికరాల మీద ప్రేమతో దానికి పొత్తు ఎలా కుదురుతుందని. ఈ ప్రశ్నకు జవాబు రే బ్రాడ్‌బరీ 1953 నవల 'ఫారన్‌హైట్ 451'లోనే ఉంది. పుస్తకాలు తగలబెట్టే రాజ్యం కథగా అందరూ దాన్ని గుర్తుపెట్టుకుంటారు. నాకు అంతకంటే బలంగా గుర్తున్నది కథానాయకుడు మాంటాగ్ భార్య మిల్‌డ్రెడ్. రాత్రంతా చెవుల్లో గవ్వలంత రేడియోలు పెట్టుకుని, పక్కనున్న భర్తకు అందనంత దూరంలో పడుకుంటుంది. గదికి మూడు గోడలూ టెలివిజన్లే. నాలుగో గోడ కూడా కొనమని పోరుతుంది, అది భర్త ఏడాది జీతంలో మూడో వంతు అయినా సరే. ఇంతవరకే చదివితే బ్రాడ్‌బరీ పరికరాల శత్రువని అనిపిస్తుంది. కానీ అదే నవలలో ఫేబర్ అనే ముసలి ప్రొఫెసర్ తన చేతులతో ఒక చిన్న పచ్చటి పరికరం తయారుచేస్తాడు. దాన్ని మాంటాగ్ చెవిలో పెట్టుకుంటే దూరాన ఉన్న ఫేబర్ మాట్లాడగలడు, వినగలడు. రాత్రిపూట నిద్రపోయే వేళ ఆ పరికరంలోంచే అతనికి పుస్తకం చదివి వినిపిస్తాడు. రెండూ చెవిలోకి వెళ్లే వస్తువులే. ఒకటి మనిషిని పక్కనున్న మనిషి నుంచి తెంచేస్తుంది, ఒకటి మనిషిని పుస్తకంతో కలుపుతుంది. రెండింటినీ ఒకే నవలలో పెట్టి మన చేతికిచ్చిన రచయితను యంత్రద్వేషి అనడం అన్యాయం. పైగా ఆ నవలను ఆయన లాస్ ఏంజెలెస్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం కింది అంతస్తులో, నాణెం వేస్తే అరగంట నడిచే అద్దె టైపురైటర్ మీద కొట్టాడు.

భయం సంగతి అటుంచి, వట్టి ఆనందం గురించి కూడా చెప్పాలి. పరికరం ఎలా పనిచేస్తుందో అర్థమైన క్షణంలో కలిగే సంతోషాన్ని సైన్స్ ఫిక్షన్ అంత ధారాళంగా ఇచ్చే సాహిత్యం నాకు ఇంకొకటి తెలియదు. యాండీ వియర్ 'ది మార్షియన్' ముందు రచయిత సొంత వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా వచ్చి, తర్వాత 99 సెంట్ల ఈ-పుస్తకమై, 2014లో పెద్ద ప్రచురణకర్త చేతికి వెళ్లింది. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న మనిషి, 1997లో అక్కడ దిగి కొన్ని నెలలకే మూగబోయిన పాత్‌ఫైండర్ నౌకను ఇసుకలోంచి తవ్వి తీస్తాడు. భూమి నుంచి తిప్పగలిగేది దాని కెమెరాను మాత్రమే. అతను చుట్టూ పదహారు అట్టలు నిలబెట్టి, కెమెరా ఏ రెండు అట్టల వైపు వరసగా తిరిగితే ఏ అక్షరమో కోడ్ పట్టిక ప్రకారం చదువుకుంటాడు. పారేసిన పాత యంత్రంలోంచి మాట పుట్టుకొస్తుంది. చైనా రచయిత లియు సిషిన్ 'ది త్రీ-బాడీ ప్రాబ్లమ్'లో ఇంకా సాహసించాడు: 3 కోట్ల మంది సైనికులను మైదానంలో నిలబెట్టి, తెల్ల జెండా సున్నా, నల్ల జెండా ఒకటి అనుకుని, ముందున్న ఇద్దరూ నల్లది ఎత్తితేనే మూడోవాడు నల్లది ఎత్తాలన్న నియమంతో మొదలుపెట్టి, కరెంటే లేని కంప్యూటర్‌ను కట్టేశాడు. ఇది చదివినవాడికి జేబులో ఉన్న ఫోన్ మళ్లీ అంతకుముందులా కనిపించదు. ఆ నల్లటి పలక వెనక కోట్లాది జెండాలు లేస్తూ దిగుతూ ఉన్నాయని తెలిసిపోతుంది. ఏ అమ్మకందారూ ఇంత ఆశ్చర్యాన్ని ఆ వస్తువుకు చేర్చలేడు.

సాహిత్యాన్ని గౌరవించే పెద్దలకు ఇంకో అభ్యంతరం ఉంది: ఈ నవలల్లో మనుషులు పల్చగా ఉంటారని. చాలా పుస్తకాల విషయంలో అది నిజమే. అసిమోవ్ పాత్రలు సంభాషణల కోసం నిలబెట్టిన మనుషుల్లా ఉంటాయి. ఆర్థర్ సి. క్లార్క్ వ్యోమగాముల్లో ఒకరి కంఠం ఇంకొకరిది కాదని చెప్పడం కష్టం. కానీ నవల ఒక వ్యక్తి అంతరంగాన్నే తవ్వాలన్న నియమం ఎవరు పెట్టారు? ఒక కట్టుబాటు, ఒక అలవాటు, ఒక ఊరి పద్ధతి మారిపోవడం కూడా కథావస్తువే. ఒక మార్పునే కథానాయకుడిగా చేసుకున్న నవలను మనోవిశ్లేషణ లేదని కొట్టేయడం నాకు సమంజసంగా తోచదు. పైగా వష్టి, మిల్‌డ్రెడ్ పల్చటి మనుషులు కారు. యంత్రం వాళ్లను పల్చబరిచింది. అదే ఆ కథల బాధ.

అన్నిటికంటే నేను గట్టిగా పట్టించుకునే అభ్యంతరం వస్తువ్యామోహం గురించి. కొత్త పరికరాల మీద ఇష్టం అంటే ఏడాదికో ఫోన్ మార్చడం, పనిచేస్తున్నదాన్ని పక్కన పడేయడం, చెత్తకుప్పల్లో సీసం, పాదరసం చేర్చడం కాదా? ఇందులో చాలా నిజం ఉంది, దీన్ని దాటవేయకూడదు. కానీ కొనడంలోని ఆనందం వేరు, వస్తువులోని ఆనందం వేరు. మొదటిది రసీదుతో ముగుస్తుంది. రెండోది దాన్ని విప్పి చూడటంతో, బాగుచేయడంతో, తయారుచేసినవాడు అనుకోని పనికి వాడుకోవడంతో పెరుగుతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల రాశులు పరుస్తారు. ఆ పక్కనే జగదీశ్ మార్కెట్, అక్కడ పగిలిన తెరలు మారుస్తారు, చచ్చిన ఫోన్లకు ప్రాణం పోస్తారు. పాత పుస్తకాన్ని ఏరుకునే చేతికీ పాత ఫోన్‌ను బతికించే చేతికీ ఉన్న చుట్టరికమే నేను చెప్పే ఇష్టం. మార్షియన్ కథానాయకుడు కొత్తది ఒక్కటీ కొనలేడు. ఉన్నదాన్ని ఎరిగి ఉండటమే అతని సంపద. ఈ నవలలు బాగా చదివినవాడు వస్తువును చూసి అడిగే మొదటి ప్రశ్న ధర ఎంత అని కాదు, ఇది వస్తే ఏది పోతుంది అని. ఆ ప్రశ్న అలవాటైనవాడు తక్కువే కొంటాడు. కొన్నదాన్ని తొందరగా పారేయడు.

పుస్తకప్రేమికులు ఇంకో మాట అంటారు, అసలు పరికరాలే పుస్తకాన్ని చంపుతున్నాయి కదా అని. ఫోన్ గురించి అయితే నేను వాదించను. చదివే వేళను అది ముక్కలు చేసిన మాట వాస్తవం. కానీ పరికరాలన్నీ ఒకటి కావు. 2007 నవంబరులో వచ్చిన కిండిల్‌ను చూడండి. దాని తెరలో వెంట్రుక మందమంత గుళికలు, వాటిలో తెల్లవీ నల్లవీ రేణువులు. ఒకదానికి ఒక విద్యుదావేశం, ఇంకోదానికి దానికి విరుద్ధమైనది. కరెంటు తగిలినప్పుడు ఒక రంగు పైకి, ఒక రంగు కిందికి పోతుంది. తర్వాత కరెంటు తీసేసినా అక్షరం అలాగే ఉంటుంది, కాగితం మీద సిరాలాగా, గదిలోని వెలుతురునే తిరిగి మన కంటికి పంపుతూ. తిప్పినప్పుడు తప్ప పేజీ బ్యాటరీని తినదు. ఇది చదువరి కోసం చేసిన యంత్రం. తయారీ రోజుల్లో లోపలివాళ్లు దాన్ని ఫియోనా అని పిలుచుకున్నారు, నీల్ స్టీఫెన్‌సన్ 1995 నవల 'ది డైమండ్ ఏజ్'లోని ఒక పాత్ర పేరు అది. ఆ నవలలో ఒక మాయపుస్తకం ఉంది, పేద పిల్ల నెల్ చేతికి చేరి ఆమెకు చదువు, యుద్ధం, తర్కం అన్నీ నేర్పుతుంది. ఇక్కడ స్టీఫెన్‌సన్ చూపిన ఒక సంగతి నేటి రోజుల్లో మరీ విలువైనది. నెల్ పుస్తకంలోంచి వినిపించే గొంతు ఎక్కడో దూరాన ఉన్న మిరాండా అనే నటిది. ఆ పిల్ల ఎవరో తెలియకపోయినా ఏళ్ల తరబడి చదివి వినిపిస్తూ మనసులో తల్లి అయిపోతుంది. తర్వాత అదే పుస్తకాన్ని యంత్రపు గొంతుతో లక్షల మంది అనాథ పిల్లలకు పంచుతారు. వాళ్లూ నేర్చుకుంటారు. నెల్‌కు దక్కింది మాత్రం వాళ్లకు దక్కదు. పిల్లలకు పాఠం చెప్పే కృత్రిమ మేధ గురించి సాగే ఏ చర్చా ఈ నవల దాకా వచ్చిందని నేననుకోను.

ఇదంతా పాశ్చాత్యుల గొడవ, మనకెందుకనేవాళ్లు చరిత్ర చూడాలి. 1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' వచ్చింది మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మేగజైన్‌లో. అందులో ఎగిరే బండ్లున్నాయి, ఎండ వేడిని పట్టి వంటకూ యుద్ధానికీ వాడతారు. కానీ అసలు కొత్తదనం యంత్రాల్లో లేదు, అవి స్త్రీల చేతిలో ఉండటంలో, మగవాళ్లు ఘోషాలో ఉండటంలో ఉంది. ఇక 1945లో ఆర్థర్ సి. క్లార్క్ ఒక వైర్‌లెస్ పత్రికలో, భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున మూడు ఉపగ్రహాలు నిలిపితే లోకమంతా ప్రసారాలు అందించవచ్చని వ్యాసం రాశాడు. వాటిలో మనుషులు కాపురముంటారని కూడా అనుకున్నాడు. కాలిపోయిన వాల్వులు మార్చడానికి ఎవరైనా ఉండాలి కదా. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆ కక్ష్యలోని అమెరికా ఉపగ్రహం ఒకటి మన వైపు తిరిగి, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించింది. ప్రసారాల్లో తెలుగు ఉంది. ఊళ్లో కోళ్ల కంచెకు వాడే తీగ వలతో చేసిన గొడుగు యాంటెన్నా ఆకాశం నుంచి సంకేతం పట్టింది. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. కక్ష్య లెక్క క్లార్క్ వేశాడు. ఆ ఏడాదిలో ఊరి బడి ముందు కొత్తగా ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ముందు వరస ఎవరిది, బొమ్మ ఆగిపోయిన మర్నాడు పిల్లలు ఏమడిగారు? ఈ లెక్క వేయవలసింది నవలాకారుడు.

తెలుగు పాఠకుడికి ఇవి ఎక్కవన్న మాట నేను ఒప్పుకోను. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' సినిమాలో కాలయంత్రం ఎక్కించి కృష్ణదేవరాయల కొలువుకూ 2504వ సంవత్సరానికీ తీసుకుపోతే జనం తడుముకోకుండా వెంట నడిచారు. మహీధర నళినీమోహన్ సైన్స్‌ను కమ్మటి తెలుగులో చెప్పారు. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో వైజ్ఞానిక కథలు రాశారు. లోటు పాఠకుల్లో లేదు, వస్తువును వెతికే చోటులో ఉంది. సైన్స్ ఫిక్షన్ అనగానే మన చూపు నక్షత్రాల వైపు పోతుంది. కిరాణా కొట్టు బల్ల మీద, డబ్బు పడిందని తెలుగులో పలికే చిన్న పెట్టె వైపు పోదు. 2016లో యూపీఐ వచ్చింది. అంతకుముందు తరతరాలుగా తెలుగు ఇల్లాలు పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీర మడతల్లో కొంత డబ్బు దాచుకునేది. కూరల్లో మిగిల్చిన పది, పాల లెక్కలో మిగిల్చిన ఇరవై. ఆ డబ్బు ఎవరికీ చెప్పనవసరం లేనిది: కూతురి ఫీజుకు, పుట్టింటి అవసరానికి, ఇల్లు విడిచి వెళ్లక తప్పని రాత్రికి. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో చెల్లించే ఇంట్లో, ఖాతా భర్త పేరున ఉండి ప్రతి రూపాయికీ అతని ఫోన్‌కు మెసేజ్ వెళుతుంటే, ఆ పోపుల డబ్బాలో ఏం మిగులుతుంది? ఆమె కొత్తగా ఎక్కడ దాస్తుంది, ఎవరితో ఒప్పందం చేసుకుంటుంది, కూరలమ్మితో కలిసి ఏ చిట్కా కనిపెడుతుంది? యూపీఐని రూపొందించినవాళ్లు ఊహించని ట్రాఫిక్ జామ్ ఇదే. ఇక్కడొక నవల ఉంది. అది రాయాలంటే చెల్లింపుల యాప్ లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి, ఆ ఇల్లాలు నెల ఖర్చు ఎలా నడుపుకొస్తుందో చాలా తెలియాలి. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఇలాంటి యాప్‌లు రాసే తెలుగు పిల్లలకు మొదటిది వచ్చు. రెండోది అడిగితే వాళ్ల అమ్మలు చెబుతారు.